ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి ఇంత ఆలస్యమెందుకు?

ప్రశ్న: 2018లో కొన్న మా ల్యాప్‌టాప్ ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. తెలిసినవారి సలహాతో ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేశాను, వీడియోలు చూసి ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేశాను, ఫలితం లేదు. దుకాణంలో అడిగితే కొత్తది కొనమంటున్నారు. మా అబ్బాయి చదువుకూ, నా పాఠాల తయారీకీ ఇదొక్కటే ఆధారం. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే కొత్త ల్యాప్‌టాప్ అవసరం లేకుండానే ఈ ఇబ్బంది తీరే అవకాశం ఎక్కువగా ఉంది. అయితే మరే పనీ మొదలుపెట్టకముందే మీ పాఠాలు, ఫొటోలు, ముఖ్యమైన పత్రాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో కాపీ చేసుకోండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. హార్డ్ డిస్క్‌లో కొంత భాగం పాడైనప్పుడు అది ఒకే చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది కాబట్టి, పూర్తిగా చెడిపోయే ముందు నెమ్మదించడం ఒక్కటే బయటికి కనిపించే లక్షణం కావచ్చు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యాన్ని చూపుతుంది. అందులో పసుపు లేదా ఎరుపు రంగు హెచ్చరిక వస్తే, డిస్క్ మార్చడాన్ని వాయిదా వేయకండి.

తరువాత అసలు కారణాన్ని కళ్లారా చూడండి. ల్యాప్‌టాప్ తెరుచుకోగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ అంకె తక్కువగా ఉండి, డిస్క్ అంకె మాత్రం నిమిషాల తరబడి 100 శాతం దగ్గరే నిలిచిపోతే, మిగతా యంత్రమంతా హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి, అంటే ఒక్క చుట్టుకే దాదాపు 11 మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు డిస్క్‌పై చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ఫైళ్లను చదవాలి, ప్రతి ఫైలు కోసం చదివే ముల్లు చోటు మారి, ఆ భాగం తిరిగి తన కిందికి వచ్చేదాకా ఆగాలి. హార్డ్ డిస్క్‌కు బదులుగా వాడే, సమాచారాన్ని చిప్‌లలో దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కనుక ఈ నిరీక్షణ దాదాపు ఉండదు. మీ ల్యాప్‌టాప్ వంటి వాటికి నేను మొదట సూచించేది హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోవడమే.

డబ్బు ఖర్చు పెట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ విభాగాన్ని తెరిచి, ఆన్ కాగానే మీకు అవసరం లేని ప్రోగ్రామ్‌లను, అంటే వీడియో కాల్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ సహాయకాల వంటివాటిని, డిసేబుల్ చేయండి. వాటిని తొలగించినట్టు కాదు, కావలసినప్పుడు తెరుచుకోవచ్చు. టచ్‌ప్యాడ్, సౌండ్, యాంటీవైరస్‌లకు సంబంధించినవి అలాగే ఉంచండి. గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ ఉంటే తీసివేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ సాధారణ వాడకానికి సరిపోతుంది. మీరు వేసిన క్లీనర్‌ను కూడా తీసివేయండి, అలాంటివి చాలావరకు తామే స్టార్టప్‌లో చేరి భారం పెంచుతాయి.

ప్రీఫెచ్ ఫోల్డర్ జోలికి మళ్లీ వెళ్లకండి. ఏ ప్రోగ్రామ్‌కు ఏ ఫైళ్లు అవసరమో విండోస్ రాసుకునేది అక్కడే, దాన్ని ఖాళీ చేస్తే ఆ సమాచారం తిరిగి సమకూరేదాకా వేగం ఇంకా తగ్గుతుంది. విండోస్ మొదలయ్యే తీరును మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సాధనంలో ప్రాసెసర్ల సంఖ్య పెంచమనే సలహా కూడా వీడియోలలో తరచుగా కనిపిస్తుంది. అక్కడ ఏమీ ఎంచుకోకపోయినా విండోస్ అన్ని ప్రాసెసర్లనూ వాడుకుంటుంది, కనుక దానివల్ల లాభం లేదు.

ఎస్‌ఎస్‌డీ విషయానికి వస్తే, ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి 2.5 అంగుళాల సాటా రకం, అంటే పాత హార్డ్ డిస్క్ చోటులోనే అమరేది, సరిపోతుంది. కొన్నిటిలో సన్నని పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీని అమర్చే ఎం.2 స్లాట్ కూడా ఉంటుంది, మోడల్ సంఖ్య చూపించి ఖాయం చేసుకున్నాకే కొనండి. ఇప్పుడు వాడిన చోటు 250 జీబీ లోపైతే 500 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. ర్యామ్‌ను 8 జీబీకి పెంచగలిగితే బ్రౌజర్‌లో పని హాయిగా సాగుతుంది, కానీ రెండింటిలో ఒకటే సాధ్యమైతే ఎస్‌ఎస్‌డీనే ఎంచుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల పీసీ హెల్త్ చెక్ అనే యాప్‌తో మీ ల్యాప్‌టాప్ విండోస్ 11కు తగినదో కాదో పరీక్షించి, తగినదైతే పాత వ్యవస్థను కాపీ చేయించే బదులు కొత్త ఎస్‌ఎస్‌డీలో నేరుగా విండోస్ 11నే వేయించుకోండి.

ప్రశ్న: రోజూ షట్‌డౌన్ చేస్తున్నా నా ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది, రీస్టార్ట్ చేస్తే మాత్రం సర్దుకుంటుంది. ఎందుకు?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు మీ ప్రోగ్రామ్‌లు మూతబడతాయి కానీ, కెర్నల్ అనే విండోస్ మూలభాగం, పరికరాలను నడిపే డ్రైవర్ల స్థితి డిస్క్‌లో భద్రమై మర్నాడు అలాగే తిరిగి వస్తుంది. ఒక డ్రైవర్‌లో చిక్కు వస్తే అదీ దానితోపాటే రావచ్చు. రీస్టార్ట్‌లో మాత్రం అన్నీ మొదటినుంచి మొదలవుతాయి. మీది ఎస్‌ఎస్‌డీ అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో దీన్ని ఆపివేయండి, తేడా కొన్ని సెకన్లకు మించదు. హార్డ్ డిస్క్ అయితే అలాగే ఉంచి, వారానికొకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.