గ్రాములు తగ్గించే ముందు పళ్లు లెక్కపెట్టుకోండి

పాఠకుల ప్రశ్నలు: ట్రయల్స్ సైకిళ్లు

కాలు నేల మోపకుండా బండరాళ్ల మీదా దుంగల మీదా సైకిల్‌తో గెంతే ఆట ట్రయల్స్. స్పెయిన్‌లో మోటార్‌సైకిల్ ట్రయల్స్ నుంచి పుట్టింది. బండికి సీటుండదు, గేరు మార్చడం ఉండదు. పోటీల్లో 20, 26 అంగుళాల చక్రాలు నడుస్తాయి, వీధి విన్యాసాలకు 24 అంగుళాలవి వాడతారు. ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి అడిగాయి: డబ్బు ఎక్కడ పెట్టాలి, బరువు ఎక్కడ తగ్గించాలి?

ప్రశ్న: ఖాజాగూడ రాళ్ల మీద 26 అంగుళాల బండి తొక్కుతున్నాను. ముందు 22, వెనక 18 పళ్లు. 18:15కి మారితే బరువు తగ్గుతుంది, కింద రాయి కూడా తగలదంటున్నారు. నా బరువు 75 కిలోలు. మారమంటారా? (హైదరాబాదు)

జవాబు: 22:18 అంటే 1.22. 18:15 అంటే 1.2. కాలికి ఈ తేడా తెలియదు, చైనుకు మాత్రం బాగా తెలుస్తుంది.

లెక్క చూడండి. చైను పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, 12.7 మి.మీ. కాబట్టి 22 పళ్ల చక్రం వ్యాసార్ధం సుమారు 44.5 మి.మీ., 18 పళ్లది 36.4. క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, పొడవు 170 మి.మీ. గెంతేటప్పుడు పెడల్ మీద మీ బరువుకు రెట్టింపు, అంటే 150 కిలోలు పడిందనుకుందాం. 22 పళ్లతో చైను మీద లాగుడు సుమారు 570 కిలోలు, 18 పళ్లతో 700. అదే 44 పళ్ల చైన్‌వీల్ ఉన్న మామూలు సైకిల్ మీద 290 కూడా దాటదు. ట్రయల్స్ బండ్లకే చైన్లు ఎందుకు తెగుతాయంటే ఇందుకే. చైను నాసిరకమని తిట్టుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

18:15తో లాభం లేకపోలేదు. చైను పొట్టిదవుతుంది, పళ్లచక్రాలు చిన్నవవుతాయి, బండ అంచు మీద వాలినప్పుడు కింద ఖాళీ ఎక్కువ దొరుకుతుంది. పోటీల్లో ఆ ఖాళీకి విలువుంది. రోజువారీ సాధనకు మాత్రం 22:18 ఉంచుకోండి. మారి తీరతానంటే చైను మార్చే గడువును కూడా తగ్గించండి.

చైను విషయంలో గ్రాములు చూడకండి. గెంతే ఊపులో అది తెగితే కాలు కిందికి జారిపోతుంది, ముఖం హ్యాండిల్‌కో బండకో తగులుతుంది. బోలు పిన్నుల చైన్లు, పక్క పలకలకు చిల్లులు కొట్టిన చైన్లు ఈ పనికి వద్దు. 1/8 అంగుళం వెడల్పున్న గట్టి సింగిల్‌స్పీడ్ చైను వేయండి. స్ప్రింగు క్లిప్పుతో మూసే లింకు వాడకండి. చైన్ కట్టర్‌తో పిన్ను నొక్కి కలిపితే అది రెండు వైపులా సమానంగా బయటికి కనిపించాలి. ఒకసారి విప్పిన చోటే మళ్లీ విప్పితే పలకకున్న చిల్లు వదులవుతుంది. తర్వాత తెగేది సరిగ్గా అక్కడే.

వారానికోసారి చైను తుడిచి, పిన్ను పక్కన పలకల మీద వెంట్రుకంత చీలిక ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే ఆ ఒక్క లింకు మార్చి సరిపెట్టకండి, చైను మొత్తం తీసేయండి. 12 అంగుళాలుండాల్సిన 24 పిన్నుల దూరం 12 1/16 దాటినా అంతే. చైను బిగించే నత్త ఆకారపు క్యాములు రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుని చైనును పక్కకు లాగుతుంది.

ప్రశ్న: ముందువైపు, క్రాంకు మీద, ఫ్రీవీల్ చవకది వేయించాను, గెంతేటప్పుడు జారుతోంది. వైట్ ఇండస్ట్రీస్ వాళ్ల ఈనో ఫ్రీవీల్ ధర చూస్తే గుండె ఆగింది. అంత అవసరమా? (విజయవాడ)

జవాబు: ముందు ఒక పరీక్ష చేయండి. ఫ్రీవీల్‌లో చిక్కటి గ్రీజు వేశారా? లోపల పంటికి ఆనుకునే చిన్న నాలుకలుంటాయి, పాల్స్ అంటారు. గ్రీజు వాటిని పట్టేస్తే స్ప్రింగు సకాలంలో పైకి నెట్టలేదు. సగం ఎక్కిన పాల్ మీద బరువు పడితే జారుతుంది, పంటి అంచు గుండ్రమవుతుంది. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పలచటి నూనె నాలుగు చుక్కలు వేయండి. అంచులు ఇంకా అరగకపోతే దీంతోనే బాగుపడొచ్చు.

అరిగితే మాత్రం మార్చాల్సిందే. 20 అంగుళాల బండికి వాడే 18:12 గేరులో క్రాంకు మీది ఫ్రీవీల్, అదే వెనక హబ్బులో ఉంటే పడేదానికి ఒకటిన్నర రెట్ల మెలితిప్పుడు భరిస్తుంది. ఈనోలో చుట్టుకు 72 పట్లు (పాల్ పంటికి ఆనే చోట్లు), అంటే 5 డిగ్రీలకొకటి. లోపల సీల్డ్ బేరింగు ఉంటుంది, అది అరిగితే మార్చుకోవచ్చు. చవక రకాల్లో చాలావాటికి విడి గోళీలే, అవి అరిగితే పళ్లచక్రం ఊగి చైను వరస తప్పుతుంది. 108 పట్లవి కూడా దొరుకుతాయి. పట్టు వెంటనే దొరుకుతుంది కానీ పళ్లు చిన్నవవుతాయి కాబట్టి మురికినీ నిర్లక్ష్యాన్నీ అంతగా ఓర్చుకోవు. నేర్చుకునేవారికి 72 చాలు.

ధర చూసేటప్పుడు క్రాంకును కూడా లెక్కలోకి తీసుకోండి. ఫ్రీవీల్ ఉక్కుది, అది మరలా ఎక్కే క్రాంకు అల్యూమినియంది. తొక్కేకొద్దీ ఇంకా బిగుస్తుంది. చవకవి ఒకటి తర్వాత ఒకటి విప్పి మారుస్తుంటే మరలు చెడేది క్రాంకువే, అప్పుడు రెండూ కొనాలి. ఏది ఎక్కించినా మరలకు యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా పూసే ముద్ద) పూయండి. విప్పేటప్పుడు సరైన టూలును వైసులో బిగించి క్రాంకును తిప్పండి. సుత్తి, ఉలి వద్దు.

ప్రశ్న: షెఫీల్డ్‌లో చదువుకుంటున్నాను. పాత బండికి నూనె ఒత్తిడితో పనిచేసే మగురా హెచ్ఎస్33 రిమ్ బ్రేకులున్నాయి. డిస్కుకు మారితే చివరికి ఏది చవక? (ఇంగ్లండ్)

జవాబు: మీ ఫ్రేముకు డిస్క్ బిగించే చోటు లేకపోతే ప్రశ్నే లేదు, అది ఫ్రేము, ఫోర్కు, హబ్బుల ఖర్చు. చోటుంటే చెబుతాను.

హెచ్ఎస్33 దానంతట అది తేలిక, గట్టిది, కానీ రిమ్మును తింటుంది. పూర్తి పట్టు కోసం రిమ్ము పక్కల్ని యాంగిల్ గ్రైండర్‌తో గరుకు చేస్తారు కదా, ఆ గీతలు అరిగినకొద్దీ మళ్లీ చేయాలి. చేసిన ప్రతిసారీ గోడ పలచనవుతుంది. 1 మి.మీ. కిందికి వస్తే టైరు గాలికే చీలగలదు. కాబట్టి గ్రైండర్‌ను నొక్కకుండా ఏటవాలుగా తాకించి తీయండి. కళ్లద్దాలు మర్చిపోకండి. గరుకు రిమ్ముకు గట్టి ప్యాడ్లు, నున్నటి రిమ్ముకు మెత్తవి. నున్నటి రిమ్ముకు తారు రాసేవాళ్లున్నారు, పొడిలో అద్భుతం, మీ ఊరి వానలో పనికిరాదు.

డిస్కులో రిమ్ము వంగినా బ్రేకు చెడదు, తడిలోనూ పట్టుంటుంది. కానీ రోటార్ (ప్యాడ్లు పట్టే పళ్లెం) మీద నూనె చుక్క పడితే ప్యాడ్లు పోయినట్టే. రాతికి తగిలి రోటార్ వంగడం మామూలే. రిమ్ములు తరచూ మార్చేవారికి డిస్కే చవక. నెలకు నాలుగు రోజులు తొక్కేవారికి కాదు.

నూనెలు కలపకండి. మగురా హెచ్ఎస్33కి మినరల్ ఆయిల్, హోప్ కంపెనీ డిస్కులకు డాట్ 5.1 బ్రేకు ద్రవం. తారుమారైతే సీళ్లు ఉబ్బుతాయి. హెచ్ఎస్33లో నూనె బదులు నీళ్లు నింపి లీవర్ చురుగ్గా చేసుకునే అలవాటు ట్రయల్స్‌లో పాతదే. మీ దగ్గర చలికాలంలో యాంటీఫ్రీజ్ కలపకపోతే గడ్డకడుతుంది.

ప్రశ్న: బోల్టులన్నీ టైటానియంవి వేస్తే? (వరంగల్)

జవాబు: బరువు 44 శాతం తగ్గుతుంది, కానీ దేంట్లో? ఎం5 బోల్టు ఒక్కోదానికి గ్రామున్నర దాకా. ఇరవై మార్చినా 30 గ్రాములకు అటూఇటూ. అదే డబ్బుకు ముందు చక్రానికి తేలిక ట్యూబు వేస్తే అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, తిరిగే బరువు కూడా. వెనక ట్యూబు జోలికి పోకండి, రాతికి రిమ్ముకు మధ్య నలిగి పంక్చరవుతుంది. బ్రేకు క్లాంపులకు గ్రేడ్ 5 టైటానియం సరే, యాంటీసీజ్‌తో. క్రాంకు, వెనక చక్రం బోల్టులు ఉక్కువే ఉండనివ్వండి. అల్యూమినియం బోల్టులు స్టెమ్‌కు (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్కకు) అసలు వద్దు.

ప్రశ్న: ఫ్రేము హెడ్‌ట్యూబు (ఫోర్కు దూరే ముందు గొట్టం) వెనక చీలింది. ఇక్కడి వర్క్‌షాపులో అల్యూమినియం వెల్డింగ్ చేస్తామంటున్నారు. (విశాఖపట్నం)

జవాబు: వద్దు. 6061 రకం అల్యూమినియమైతే వెల్డింగ్ వేడికి ఆ చోటు మెత్తబడుతుంది. మళ్లీ బలం రావాలంటే ఫ్రేము మొత్తాన్ని 530 డిగ్రీల దాకా కాల్చి, చల్లార్చి, తర్వాత 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఆ కొలిమి మీ వర్క్‌షాపులో ఉండదు. 7005 రకానికి ఆ మొదటి కాల్చుడు అక్కర్లేదు గానీ, పలచటి ట్యూబు ఒకసారి చీలిందంటే వెల్డ్ పక్కన మళ్లీ చీలుతుంది. హెడ్‌ట్యూబు దగ్గర తెగితే ఫోర్కు చేతికొస్తుంది. చక్రాలు, బ్రేకులు, క్రాంకులు విప్పి దాచుకుని, వాడిన ఫ్రేము వెతకండి. కొనే ముందు బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు గూడు) కింద, అక్కడి నుంచి వెనక చక్రానికి పోయే చైన్‌స్టే గొట్టం మొదట్లో, బ్రేకు బిగించే చోట పెయింటు మీద గీతలున్నాయేమో టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి. స్టిక్కరు అతికించి ఉంటే దాని కింద కూడా.