సొంత పొలంలోకి పారాచూట్‌తో దిగడానికి అనుమతి కావాలా?

ప్రశ్న ఇది: డల్లాస్‌కు ఉత్తరాన, ఊరికి దూరంగా పదిహేను ఎకరాలు కొని ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం రోజున మీ బావమరిది విమానంలోంచి దూకి ఇంటి ముందు దిగుతానంటున్నాడు. స్థలం మనదే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదని అతని వాదన. అది చట్టబద్ధమేనా?

దిగడం చట్టవిరుద్ధం కాదండీ. కానీ "ఎవరినీ అడగక్కర్లేదు" అన్నది మాత్రం తప్పు. నేను కూడా టెక్సాస్‌లోనే ఉంటాను. చాలా ఏళ్లుగా స్కైడైవింగ్ చేస్తున్నాను, డి లైసెన్సు (ఎ నుంచి డి దాకా ఉన్నవాటిలో అన్నిటికంటే పైది) ఉంది. డ్రాప్ జోన్‌కు, అంటే స్కైడైవర్లు దిగడానికి ఏర్పాటు చేసిన మైదానానికి, బాగా దూరంగా, ఒక స్నేహితుడి పచ్చిక భూమిలో అన్నీ అడిగే దిగాను. వకీలును కాను. ఆ పని కోసం తిరిగినప్పుడు తెలుసుకున్నవి, జంపర్లందరికీ తెలిసినవి రాస్తున్నాను.

డ్రాప్ జోన్‌లోనే దూకాలని అమెరికా కేంద్ర నిబంధనల్లో ఎక్కడా లేదు. మనకు వర్తించేది ఫెడరల్ విమానయాన నిబంధనల్లోని 105వ భాగం. నేల ఎవరి పేరున ఉందన్నది దానికి ముఖ్యం కాదు. ఆ జంప్ వల్ల గాలిలోని విమానాలకు గానీ, కింద ఉన్న మనుషులకు, ఆస్తులకు గానీ ప్రమాదం ఉందా? ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు చెప్పారా? కింద జనం గుమిగూడి ఉన్నారా? అది అడిగేది ఇవే. మీ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తే వీటిలో ఒక్కదానికీ జవాబు రాదు.

మీ విషయంలో అసలు చిక్కు జనం దగ్గరే వస్తుంది. ఊళ్ల జనసమ్మర్ద ప్రాంతాల మీదికి గానీ, ఆరుబయట గుమిగూడిన జనం మీదికి గానీ దూకాలంటే ఎఫ్ఏఏ (అమెరికా కేంద్ర విమానయాన సంస్థ) ఇచ్చే అనుమతి పత్రం తప్పనిసరి అని ఆ భాగంలోని 105.21 నిబంధన చెబుతుంది. 7711-2 అనే దరఖాస్తు నింపి, ఆ ప్రాంతపు ఎఫ్ఏఏ కార్యాలయానికి చాలా ముందుగా పంపుకోవాలి. ఎంతమంది ఉంటే గుంపు అవుతుందో నిబంధనలో అంకె లేదు కాబట్టి మనకు అనుకూలంగా లెక్కపెట్టుకోవడం కుదరదు. మన గృహప్రవేశాలు మీకు తెలియనివి కావు. యాభై కుటుంబాలను పిలుస్తారు, వాళ్లు చుట్టాలను వెంటబెట్టుకొస్తారు, పిల్లలు గడ్డి మీద పరుగులు పెడుతుంటారు, వెనక షామియానా కింద వంటలు సాగుతుంటాయి. దాన్ని గుంపు కాదని ఏ అధికారి దగ్గరా వాదించలేరు. పూర్తిగా విచ్చుకుని సరిగ్గా పనిచేస్తున్న పారాచూట్‌తో, కిందివాళ్లకు ప్రమాదం లేనంత ఎత్తులో జనం మీదుగా తేలుతూ పోవడానికి మినహాయింపు ఉంది. వాళ్ల మధ్యకు దిగడానికి ఆ మినహాయింపు పనికిరాదు.

నన్నడిగితే ఆ రోజు వద్దు. వారం ముందో వెనకో, ఇంటి మనుషులు నలుగురే ఉన్నప్పుడు దిగమనండి. వీడియో తీసి ఫంక్షన్‌లో పెద్ద తెర మీద వేయండి. మీ అత్తగారి గుండెకు కూడా అదే మంచిది.

ఆకాశం సంగతి. డల్లాస్ చుట్టూ క్లాస్ బి గగనతలం, అంటే పెద్ద విమానాశ్రయాల చుట్టూ కంట్రోలర్ల అదుపులో ఉండే ఆకాశం ఉంది, అది సముద్రమట్టం నుంచి 11,000 అడుగుల దాకా వెళ్తుంది. తలకిందులుగా పేర్చిన అంతస్తుల్లా ఉంటుంది: నగరం దగ్గర నేల నుంచే మొదలై, దూరం పోయేకొద్దీ దాని అడుగు పైకి జరుగుతుంది. మీ పొలం ఏ అంతస్తు కింద ఉందో చార్టు మీద చూడాల్సిందే. జంప్ ఆ అంతస్తులోంచి సాగేదైతే కంట్రోలర్ అనుమతి కావాలి, విమానాశ్రయాల రద్దీని బట్టి వాళ్లు కాదనవచ్చు. దానికి బయట, నియంత్రణ తక్కువగా ఉండే క్లాస్ ఇ లేదా జి అయితే అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. అదైనా దూకడానికి 24 గంటల ముందు మొదలుకొని గంట ముందు లోపల ఇవ్వాలి. స్థలం ఎక్కడ, ఎంత ఎత్తు నుంచి, ఎంతసేపు, విమానం నంబరు ఏమిటి అన్నీ అడుగుతారు. దూకడానికి కనీసం అయిదు నిమిషాల ముందు పైలట్ రేడియోలో కంట్రోల్‌తో మాట్లాడాలి. ఇవి కాక మేఘాలకు ఎంత దూరంలో ఉండాలి, రిజర్వు పారాచూట్‌ను లైసెన్సు ఉన్న రిగ్గర్ (పారాచూట్లు మడిచే నిపుణుడు) ఎన్నాళ్లకోసారి మడవాలి వంటివి ఎక్కడ దూకినా ఉండేవే. నైలాన్‌దైతే 180 రోజులు. మీ బావమరిదికి ఇవి తెలిసే ఉంటాయి.

పైలట్ ఎవరో మీరు రాయలేదు. అనుమతులు లేకుండా ఎక్కడో దిగి, పారాచూట్ చుట్టుకుని జారుకోవడాన్ని మా జంపర్లు బాండిట్ జంప్ అంటారు. అది బయటపడితే ఎక్కువ నష్టపోయేది దూకినవాడు కాదు. జంపర్ దగ్గరుండే లైసెన్సు యూఎస్‌పీఏ అనే స్కైడైవర్ల సంఘం ఇచ్చింది, ప్రభుత్వానిది కాదు. అతనికి జరిమానా పడవచ్చు. పైలట్ సర్టిఫికెట్ మాత్రం ఎఫ్ఏఏ చేతిలోనే ఉంది. నిబంధనల్లో పదేపదే "ఏ పైలటూ అనుమతించరాదు" అని రాసి ఉండేది అందుకే. స్నేహితుడి చిన్న సెస్నా విమానంలో సరదాగా వెళ్తామంటే ఆ స్నేహితుడు ఏం పణం పెడుతున్నాడో ముందే చెప్పండి. తలుపు తీసి ఎగరడానికి ఆ విమానానికి విడిగా ఆమోదం ఉండాలి. ప్రైవేటు లైసెన్సు మాత్రమే ఉన్న పైలట్ డబ్బు తీసుకుని జంపర్లను ఎక్కించుకోకూడదు.

ఇక నేల, అంటే పక్కవాడి కంచె. పదిహేను ఎకరాలు కింద నుంచి చూస్తే మైదానంలా ఉంటుంది. మూడు వేల అడుగుల నుంచి చూస్తే అందులో ఇల్లు, చెరువు, చెట్లు, దారి పోగా మిగిలింది జేబురుమాలంత. గాలి మారితే పక్కవాళ్ల భూమిలో పడతారు. టెక్సాస్‌లో కంచె స్తంభాల మీద, చెట్ల మీద ఊదారంగు నిలువు గీతలు కనిపిస్తాయి, చూసే ఉంటారు. నేల నుంచి మూడు అడుగులకూ అయిదు అడుగులకూ మధ్య, కనీసం ఎనిమిది అంగుళాల పొడవున గీస్తారు. "లోపలికి రావద్దు" అన్న బోర్డుకు చట్టంలో ఎంత విలువ ఉందో ఆ గీతకూ అంతే విలువ. పైనుంచి దిగేవాడికి అది ఎలాగూ కనపడదు.

ప్రాణం కాపాడుకోవడానికి తప్పనిసరై పరాయి భూమిలో దిగితే దాన్ని మామూలు అక్రమ ప్రవేశంగా చూడరని, పాడైనదానికి మాత్రం డబ్బు కట్టాలని అమెరికా న్యాయంలో పాత సూత్రం ఉంది. అయితే చిన్న స్థలమని తెలిసీ, గాలి ఎక్కువగా ఉందని తెలిసీ దూకినవాడు తప్పనిసరి అంటే వినేవాళ్లు తక్కువ. దీనికి నాకు ఇష్టమైన కేసు ఒకటి ఉంది, 1822 నాటి న్యూయార్క్ తీర్పు. గియ్ అనే ఆయన బెలూన్‌లో ఎగిరి, స్వాన్ అనే ఆయన తోటలో దిగాడు. తొట్టిలోంచి వేలాడుతూ సాయం కోసం కేకలు పెట్టాడు. రెండు వందల మందికి పైగా కంచెలు విరగ్గొట్టుకుని లోపలికొచ్చి కూరగాయలన్నీ తొక్కేశారు. బెలూన్ చేసిన నష్టం పదిహేను డాలర్లు, మొత్తం నష్టం తొంభై. అంతా గియ్ కట్టాల్సిందేనని కోర్టు చెప్పింది. అలా దిగితే జనం పరుగెత్తుకొస్తారని ముందే ఊహించదగినదే కదా అన్నది దాని తర్కం. మీ అతిథులు సెల్‌ఫోన్లు పట్టుకుని పక్కవాళ్ల ఎండుగడ్డి చేలో పడ్డప్పుడు ఈ తర్కం గుర్తుకొస్తుంది.

నా స్నేహితుడి భూమిలో దిగే ముందు రోజు మేమిద్దరం స్థలమంతా నడిచి చూశాం. మ్యాపులో ఖాళీగా కనిపించిన చోట ఒక మూల నుంచి పంపుసెట్టుకు కరెంటు తీగ పోతోంది. పైనుంచి తీగ కనపడదు, స్తంభాలే కనపడతాయి, వాటిలో ఒకటి చెట్టు చాటున ఉంది. దాన్ని చూశాక దిగే దిశే మార్చుకున్నాం. చుట్టుపక్కల ముగ్గురి ఇళ్లకూ వెళ్లి ఏ రోజు, ఏ పూట అని చెప్పాం. ఆవులను పెంచే ఒక పెద్దాయన అంతా విని "గేటు తీస్తే మళ్లీ మూయండి, అంతే" అన్నాడు. అది కాగితం మీద రాయించుకున్నాం, నవ్వుతూనే సంతకం పెట్టాడు. షెరీఫ్ కార్యాలయానికి అత్యవసరం కాని నంబరులో ఫోన్ చేసి చెప్పాం. అయినా మర్నాడు రోడ్డు మీద పోతున్న ఎవరో విమానంలోంచి మనిషి పడిపోయాడని 911కు ఫోన్ చేశారు. అక్కడివాళ్లకు విషయం ముందే తెలుసు కాబట్టి అంబులెన్సు రాలేదు. ఆ ఒక్క ఫోన్ కాల్ చేయడం మాత్రం మరచిపోకండి. నేను దిగింది సరిగ్గా అనుకున్న చోటే. పారాచూట్ తాళ్లకు చిక్కుకున్న పల్లేరు కాయలు ఏరుకోవడానికి మాత్రం సాయంత్రమంతా పట్టింది. మన ఊళ్లోవీ టెక్సాస్‌వీ ఒకే జాతి, గుచ్చుకోవడంలోనూ తేడా లేదు.

బీమా గురించి రెండు మాటలు. యూఎస్‌పీఏ సభ్యత్వంతో మూడో వ్యక్తికి కలిగే నష్టానికి బీమా వస్తుంది. అది మీ పొలంలో చేసే జంప్‌కు వర్తిస్తుందో లేదో సంఘాన్నే అడగమనండి. మీ ఇంటి బీమా ఏజెంటును మీరు అడగండి. ఇద్దరి జవాబులూ ఈమెయిల్‌లో ఉండాలి. ఇంకొకటి: మీ స్థలం కాదని ఏ జాతీయ పార్కులోనో దిగుదామని అతనికి ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. పర్మిట్ లేకుండా పార్కుల్లో పారాచూట్‌తో దిగడం కేంద్ర నేరం.

చివరిగా, అతనిది ఏ లైసెన్సో మీరు చెప్పలేదు, నా జవాబు చాలావరకు దాన్నిబట్టే మారుతుంది. యూఎస్‌పీఏ భద్రతా నియమాల ప్రకారం ఎ లైసెన్సు వాళ్లు దిగే చోటు చుట్టూ 330 అడుగుల దూరంలో ఇల్లు, కరెంటు తీగ, నీళ్లు, రోడ్డు ఏవీ ఉండకూడదు. ఆ వలయమే దాదాపు ఎనిమిది ఎకరాలు. కాబట్టి అతనిది ఎ అయితే ఇంటి ముందు దిగడం అనే మాటే లేదు, పొలం చివర కూడా కష్టమే. డి అయితే 40 అడుగులు చాలు. ప్రదర్శన జంపులకు ఆ సంఘమే ఖాళీ మైదానం అని పిలిచే రకానికి 5,00,000 చదరపు అడుగులు, అంటే పదకొండున్నర ఎకరాలు కావాలంటుంది. మీ పదిహేను ఎకరాల్లో అడ్డం లేని నేల ఎంతో ముందు కొలవండి. అతని లైసెన్సు, పొలం మ్యాపు, తీగలు పోయే దారి ఇక్కడ పెడితే ఎక్కడ దిగవచ్చో, అసలు దిగవచ్చో లేదో చూసి చెబుతాను.