నూటికి నూరు వచ్చిన స్కూలా, 24 మంది 500 దాటిన స్కూలా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పాప మా ఊరి యూపీ స్కూల్లో ఏడో తరగతి పూర్తి చేస్తోంది. ఎనిమిదిలో చేర్చడానికి రెండు జెడ్పీ హైస్కూళ్లు ఉన్నాయి. ఒకటి 2 కిలోమీటర్లు, నడిచే వెళ్లొచ్చు. కిందటేడు అక్కడ పది రాసిన 22 మందీ పాసయ్యారు, ముగ్గురికి 500 దాటాయి. ఇంకోటి 9 కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రంలో ఉంది, బస్సెక్కాలి. అక్కడ 96 మంది రాస్తే 84 మంది పాసయ్యారు, 24 మందికి 500 దాటాయి. పాపకు లెక్కలంటే ప్రాణం, ఇంజినీరింగ్ చదువుతానంటోంది. ఎందులో చేర్చమంటారు?

జవాబు: లెక్కలంటే ప్రాణంగా ఉన్న పిల్ల 35 మార్కుల కోసం చదవదు కాబట్టి పాస్ శాతాన్ని పక్కన పెట్టండి. 600కి 500 దాటినవాళ్లు దగ్గరి స్కూల్లో ఏడుగురికి ఒకరు, మండల కేంద్రంలో నలుగురికి ఒకరు. పైగా 22 మందే ఉన్నచోట ఒక్కరు తప్పినా 4.5 శాతం పడిపోతుంది, అందుకే ఒక్క ఏడాది ఫలితం చూసి నిర్ణయించకూడదు. కనీసం మూడేళ్లవి అడగండి. పెద్ద స్కూల్లో తప్పిన 12 మంది ఏ సబ్జెక్టులో తప్పారో కూడా కనుక్కోండి. ఎక్కువమంది గణితంలోనే పోయుంటే, ఆ ఏడాది గణితం సారు ఉన్నారా లేరా అన్నది తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం టీచర్ల సంగతి. పోస్టులు పిల్లల సంఖ్యను బట్టి ఉంటాయి. సంఖ్య తగ్గుతూ పోతే రేషనలైజేషన్‌లో, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులను సర్దేటప్పుడు, పోస్టు పోతుంది, చిన్న స్కూళ్లకు ఎప్పుడూ ఉండే గండం ఇది. హెచ్‌ఎం గారిని కలిసి గణితం, ఫిజికల్ సైన్స్ చెప్పే స్కూల్ అసిస్టెంట్లు ఆ స్కూలు పోస్టులోనే ఉన్నారా, వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే వేరే స్కూలు నుంచి తాత్కాలికంగా వచ్చారా అని అడగండి. అలా వచ్చినవారు విద్యాసంవత్సరం ముగిశాక వెనక్కి వెళ్లిపోవచ్చు. ఆ స్కూలుకు వచ్చి ఎన్నేళ్లయిందో కూడా అడగండి. ఒకేచోట 8 విద్యాసంవత్సరాలు నిండితే బదిలీ తప్పనిసరి. ఇప్పటికే ఏడేళ్లయిన సారు ఎంత బాగా చెప్పినా మీ పాప పదికొచ్చేసరికి అక్కడ ఉండరు. వచ్చి రెండు మూడేళ్లే అయినవారైతే మీకు మేలు.

తరువాత, రెండు స్కూళ్లలోనూ ఎనిమిది చదువుతున్న ఒక్కో పిల్ల గణితం నోట్సు అడిగి తీసుకుని చూడండి. ఫ్యాక్టరైజేషన్ లాంటి చివరి పాఠాలు ఎన్ని పేజీలున్నాయి? మొదటి పాఠాలు పదేసి పేజీలుండి, చివరివి ఒక్కో పేజీలో ముగిసిపోతే సిలబస్‌ను ఉరుకులు పరుగుల మీద చుట్టేశారని అర్థం. ఎర్ర సిరా కూడా గమనించండి. కింద టిక్కు పెట్టి వదిలేశారా, లేక తప్పిన స్టెప్పు దగ్గర సున్నా చుట్టి, పిల్లతో ఆ లెక్క మళ్లీ చేయించారా? రెండోది కనిపించిన స్కూల్లో చదువు చెబుతున్నారని ధైర్యంగా నమ్మొచ్చు. కొత్త రంగులు, డిజిటల్ బోర్డులు చూసి మాత్రం మోసపోకండి.

మీ పాపకు ఇంకో తొందర ఉంది. ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, మళ్లీ అవకాశం రాదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50 చాలు. ఆ పరీక్షలో 90 ప్రశ్నల మ్యాట్ (మెంటల్ ఎబిలిటీ) పేపరు రీజనింగ్ మీద ఉంటుంది, అది పాఠాల్లో రాదు, విడిగా సాధన చేయించాలి. కిందటేడు ఎందరితో రాయించారు, ఎందరు ఎంపికయ్యారు అని రెండు చోట్లా అడగండి. పది మార్కులతో ఇంజినీరింగ్‌కు చేరే ట్రిపుల్ ఐటీ విషయంలో తేడా ఏమీ లేదు. ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ స్కూళ్ల పిల్లలకు అదనంగా కలిపే 4 శాతం వెయిటేజీ రెండింటికీ ఒకటే.

మిగిలింది బస్సు. స్త్రీ శక్తి ఉచిత ప్రయాణ పథకం వచ్చాక ఆర్టీసీ పల్లెవెలుగులో ఆడపిల్లకు టికెట్ ఖర్చు లేదు, కాబట్టి సమయం ఒక్కటే చూసుకోవాలి. పదిలో ప్రత్యేక తరగతులు సాయంత్రం పొద్దుపోయేదాకా నడుస్తాయి. అవి ముగిశాక మీ ఊరికి బస్సుందా? స్టాపు నుంచి ఇంటికి ఎంత నడవాలి? కౌండిన్య అడవి అంచున ఉన్న ఊరైతే చీకటి పడ్డాక ఏనుగుల భయం ఉంటుంది, దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఒక పనిరోజు మీరే సాయంత్రం బస్సులో వచ్చి చూడండి.

నా మొగ్గు మండల కేంద్రం స్కూలు వైపే. అయితే గణితం, ఫిజికల్ సైన్స్ సార్లు పోస్టులో ఉండాలి, సాయంత్రం బస్సు కుదరాలి. వీటిలో ఏది లేకపోయినా, దగ్గరి స్కూల్లో గణితం సారు వచ్చి రెండు మూడేళ్లే అయి, నోట్సులు బాగుంటే అక్కడే చేర్చండి. రోజూ మిగిలే గంటన్నర లెక్కలకు పనికొస్తుంది.

ఎందులో చేర్చినా టీసీ తీసుకునేటప్పుడు పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఆ తేడా వల్ల ఎన్‌ఎంఎంఎస్ డబ్బు ఆగిపోవచ్చు. టెన్త్ సర్టిఫికెట్‌లోనూ అదే పేరు పడుతుంది, అప్పుడు దిద్దించుకోవడం చాలా కష్టం.