క్లోజపిన్ మొదలైనాక చేతులు కడిగేది ఎక్కువైతే

అన్నా, మీ తమ్మునికి స్కిజోఫ్రెనియాకి క్లోజపిన్ ఇచ్చినాక చెవుల్లో మాటలు తగ్గినాయి గానీ గంటలకొద్దీ చేతులు కడుగుతాండాడని రాసినారు కదా, అది మొండితనం కాదన్నా, కొందరికి ఆ మందు వల్లే అట్లొస్తాది. మా చెల్లెలికీ ఇంతే, కడపలో ఎండాకాలం ట్యాంకర్ కోసం కాచుకునే రోజుల్లో బిందెలకి బిందెలు పారబోసేది, అరచేతులు పగిలి రక్తం వచ్చేది, చూడలేకపోయేవాళ్లం.

మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దండి, జబ్బు గట్టిగా తిరగబెడతాది. డోసు తగ్గించొచ్చా, అరిపిప్రజోల్ అనే ఇంకో స్కిజోఫ్రెనియా మందు కలపొచ్చా, లేకుంటే ఓసీడీకి, అంటే ఇట్లా చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బుకి, వాడే సెర్ట్రాలిన్ లాంటిది ఇస్తారా అని డాక్టర్‌ను అడగండి. వేరే డాక్టర్ దగ్గరికి పోతే క్లోజపిన్ చీటీ తప్పకుండా చూపించండి, ఎందుకంటే ఓసీడీకి ఇచ్చే ఫ్లూవోక్సమిన్ దీంతో కలిస్తే రక్తంలో క్లోజపిన్ చాలా రెట్లు పెరిగి మత్తు, ఫిట్స్ దాకా పోవచ్చు. మా చెల్లికి డోసు తగ్గించి అరిపిప్రజోల్ కలిపినారు, రెండు నెలలు పట్టింది, ఇప్పుడు అన్నం ముందర ఒక్కసారే కడుక్కుంటాది.