నైన్ సింగ్ రావత్ టిబెట్‌ను రహస్యంగా ఎలా కొలిచారు?

నడిచి, అంగలు లెక్కపెట్టి. అప్పట్లో టిబెట్‌లోకి యూరోపియన్లను రానిచ్చేవారు కాదు. అందుకని బ్రిటిష్ ఇండియాలో పటాలు తయారుచేసే సంస్థ సర్వే ఆఫ్ ఇండియా అధికారి మాంట్‌గోమరీ, కుమావూ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన బడిపంతులు నైన్ సింగ్‌ను ఎంచుకుని డెహ్రాడూన్‌లో శిక్షణ ఇప్పించారు.

ఎక్కుడైనా దిగుడైనా ప్రతి అంగ ఒకే పొడవు ఉండేలా నడవడం అందులో ముఖ్యమైనది. మామూలుగా జపమాలకు 108 పూసలుంటాయి. ఆయన మాలకు 100 మాత్రమే! వంద అంగలకు ఒక పూస జరిపేవారు. మాల ఒక చుట్టు తిరిగితే 10,000 అంగలు, అంటే దాదాపు ఐదు మైళ్లు. చూసేవాళ్లకు జపం చేసుకుంటున్న యాత్రికుడే. రాసుకున్న లెక్కలు టిబెట్ బౌద్ధులు చేత్తో తిప్పే ప్రార్థన చక్రంలో దాచేవారు, పాదరసాన్ని గవ్వల్లో. కోణాలు కొలిచే సెక్స్‌టెంట్‌తో నక్షత్రాల ఎత్తు చూడాలంటే సమతలం కావాలి కదా, దానికే ఆ పాదరసం. నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో థర్మామీటర్‌తో చూసి ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో లెక్కగట్టేవారు, ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి.

1865లో బయల్దేరి నేపాల్ మీదుగా 1866 జనవరిలో లాసా చేరారు. పట్టుబడితే ప్రాణాలే పోవచ్చు. అంత టెన్షన్‌లో కూడా లెక్క తప్పకపోవడమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. 1874-75లో లేహ్ నుంచి లాసా మీదుగా తవాంగ్ వైపు ఇంకా పెద్ద యాత్ర చేశారు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1877లో ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.