గోడ మీద గీసినా కళేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో కలిసి ఫ్లైఓవర్ పిల్లర్ల మీద, షాపుల షట్టర్ల మీద స్ప్రే డబ్బాలతో ఏవో రంగురంగుల అక్షరాలు వేస్తున్నాడని ఈమధ్యే తెలిసింది. అడిగితే "ఇది గ్రాఫిటీ నాన్నా, ప్రపంచమంతా ఆర్ట్ అంటోంది" అంటాడు. నాకేమో ఊళ్లోవాళ్ల గోడలు పాడుచేయడంలాగే ఉంది. పోలీసులు పట్టుకుంటే ఎలాగన్న టెన్షన్ ఒకటి. ఇది నిజంగా కళేనా?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: కళేనండి. కానీ మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. కళా కాదా అన్నది ఒకటి, తప్పా కాదా అన్నది ఇంకొకటి. పక్కవాడి గోడ మీద అడక్కుండా ఎంత గొప్ప బొమ్మ వేసినా తప్పే. అలాగని తప్పు కాబట్టి అది బొమ్మే కాదనడం కుదరదు. మీ ఇద్దరి గొడవా ఇక్కడే వస్తోంది, మీ అబ్బాయి మొదటి ప్రశ్నకి జవాబు చెబుతుంటే మీరు రెండోది అడుగుతున్నారు.

న్యూయార్క్‌లో ఒక పెద్ద కేసు నడిచింది, అది చెబితే మీకు స్పష్టంగా అర్థమవుతుంది. క్వీన్స్‌లో ఒక పాత ఫ్యాక్టరీ భవనం ఉండేది, గ్రాఫిటీ వేసేవాళ్లు దాన్ని ఫైవ్ పాయింట్జ్ అనేవారు. ఓనరే వేసుకోమన్నాడు. 2002 నుంచి మెరెస్ వన్ అనే ఆర్టిస్టు బాధ్యత తీసుకుని, ఎవరికి ఏ గోడ ఇవ్వాలో, ఏ బొమ్మ ఎన్నాళ్లు ఉంచాలో తనే చూసుకునేవాడు. ఏడో నంబరు రైల్లో వెళ్లేవాళ్లకి కిటికీలోంచి ఆ గోడలన్నీ కనిపించేవి, చూడ్డానికి టూరిస్టులు ప్రత్యేకంగా వచ్చేవారు. తర్వాత ఓనర్‌కి అక్కడ అపార్టుమెంట్లు కట్టాలనిపించింది. 2013 నవంబరులో ఒక రాత్రి మనుషుల్ని పెట్టి మొత్తం తెల్లరంగు పూయించేశాడు, ఆర్టిస్టులకి ఒక్క మాట చెప్పలేదు. పొద్దున వచ్చి చూసినవాళ్లకి ఆ పల్చటి తెలుపు కింద తమ బొమ్మలు లీలగా కనిపిస్తూనే ఉన్నాయి. నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధనిపించేది ఆ సంగతే, పూర్తిగా పోయినా బాగుండేది.

21 మంది ఆర్టిస్టులు కోర్టుకెళ్లారు. ఆర్టిస్టుల హక్కుల కోసం అమెరికాలో 1990లో ఒక చట్టం వచ్చింది, గుర్తింపు పొందిన కళాకృతిని ఇష్టమొచ్చినట్టు నాశనం చేయకూడదని అందులో ఉంది. 2018లో కోర్టు 45 బొమ్మలకి, ఒక్కోదానికి లక్షన్నర డాలర్ల చొప్పున, మొత్తం 67 లక్షల 50 వేల డాలర్లు కట్టమంది. అప్పీల్‌లోనూ 2020లో అదే తీర్పు నిలిచింది. ఇక్కడ ఒక్క విషయం మీ అబ్బాయికి చెప్పండి: ఆ ఆర్టిస్టులు అనుమతితో వేశారు. అందుకే కోర్టులో ధైర్యంగా నిలబడగలిగారు.

మన దగ్గరా ఇలాంటిదే ఒకటుంది, గ్రాఫిటీ కాదు గానీ గోడదే. ఢిల్లీలో ప్రభుత్వ సమావేశాలు జరిగే విజ్ఞాన్ భవన్‌లో గోడ మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు శిల్పాన్ని 1979లో పీకి స్టోర్‌లో పడేశారు. ఆయన ఏళ్ల తరబడి పోరాడారు, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలినదాన్ని ఆయనకి తిరిగి ఇచ్చేయమని, 5 లక్షలు పరిహారం కట్టమని చెప్పింది. గోడ ఎవరిదైనా దానిమీది పని చేసినవాడికి ఎంతో కొంత హక్కు ఉంటుందని మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కూడా ఒప్పుకుంటుంది.

ఇక పోలీసుల భయం నిజమైనదే. బహిరంగ ప్రదేశాల్ని, గోడల్ని పాడుచేయడం మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది, కాబట్టి ఆర్ట్ అన్న మాట స్టేషన్లో పనికిరాదు. షట్టర్ల సంగతి నాకు ఇంకా కష్టంగా అనిపిస్తుంది. మా ఇంటి ప్రహరీ మీద ఎవరో ఒక కోచింగ్ సెంటర్ ప్రకటన ఎర్ర ఎనామిల్‌తో రాసి వెళ్లిపోయారు. సున్నం వేయించాను, వారం తిరక్కుండా ఆ ఎరుపు మళ్లీ పైకి తేలింది, రెండోసారి వేయించినా తేలింది. ఆ ఖర్చు, ఆ చిరాకు నాకు తెలుసు. రోజుకింత సంపాదించుకునే చిన్న షాపువాడి షట్టర్ మీద మీవాడు ఎంత అందంగా వేసినా ఆయనకి మిగిలేది ఇదే.

కానీ ఆ ప్రకటన రాసినవాళ్లని మనం ఇంత తిట్టం, గమనించారా? ఎన్నికలొస్తే పార్టీలు గోడల్ని ముందే రిజర్వు చేసుకుంటాయి, మిగతా రోజుల్లో సిమెంటు కంపెనీలు, మొలల డాక్టర్లు. అవన్నీ అలవాటైపోయి, ఒక కుర్రాడు ఏమీ అమ్మకుండా రంగులేస్తే మాత్రం కంటికి గుచ్చుకుంటోంది. ఇది అన్యాయమనే నా ఉద్దేశం.

అడిగితే గోడలు దొరుకుతాయండి. హైదరాబాద్‌లో రాజ్‌భవన్ దగ్గర ఎం.ఎస్. మక్తా బస్తీకి, ఢిల్లీలో లోధీ కాలనీకి ఒకసారి తీసుకెళ్లండి, ఇళ్ల గోడలంత ఎత్తు బొమ్మలున్నాయి. మీ ఊళ్లోనూ స్కూలు ప్రహరీకో, తెలిసినవాళ్ల గోడౌన్‌కో మీరే వెళ్లి అడగండి, తండ్రి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

ఇంకోటి. ఈ పని చేసేవాళ్లు తమని పెయింటర్లు అనుకోరు, రైటర్లు అంటారు, ఎందుకంటే అసలు పనంతా అక్షరంలోనే ఉంది. మీవాడి దగ్గర బ్లాక్ బుక్ అనే స్కెచ్ పుస్తకం ఉండే ఉంటుంది, తీసి చూపించమనండి. ఒకే అక్షరం ఇరవై రకాలుగా గీసి ఉంటుంది, ఇది తోక సాగదీసి, అది పొట్ట ఉబ్బించి. ఇంగ్లీషు అక్షరాలే ఉంటే మాత్రం తెలుగు ఎందుకు వేయలేదని అడగండి. తలకట్టు, కొమ్ము, వొత్తులు, గుండ్రటి వొంపులు, స్ప్రే డబ్బా పట్టుకున్న చెయ్యి ఆగకుండా తిరగడానికి మన లిపి ఎంత బాగుంటుందో! 'క్ష' ఒక్కటి వేసి చూపించమనండి.

ప్రశ్న: అయితే గోల్కొండ గోడల మీద లవర్ల పేర్లు చెక్కేవాళ్లు కూడా ఆర్టిస్టులేనా?
- డిగ్రీ విద్యార్థిని, మెహదీపట్నం

జవాబు: కాదమ్మా. పేరు చెక్కేవాడు అక్షరం గురించి ఒక్క క్షణం ఆలోచించడు, మేకు దొరికితే చాలు. పైగా షట్టర్ మీది రంగు ఎలాగోలా పోతుంది, నాలుగైదొందల ఏళ్ల నాటి రాయి మీద పడ్డ గీత పోదు. గోల్కొండ రక్షిత కట్టడం, దాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. మీ ఫ్రెండ్స్ ఎవరైనా మేకు తీస్తే చెయ్యి పట్టుకుని ఆపండి.