రెండుగా చీలిన జట్టు

ప్రశ్న: గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో 8 మంది ఉన్న జట్టుకు లీడ్‌గా పనిచేస్తున్నాను. అందులో నలుగురు నలభై దాటిన తెలుగువారు, సంస్థలో పాతవారు, టెస్టింగ్ చూస్తారు. మిగతా నలుగురు ఉత్తరాది నుంచి వచ్చిన పాతికేళ్ల డెవలపర్లు. భోజనాలు వేర్వేరు, వాట్సాప్ గ్రూపులు వేర్వేరు. ఈమధ్య ఒక రిలీజ్ (సాఫ్ట్‌వేర్ విడుదల) ఆలస్యమైతే తప్పు మీదంటే మీదని వాదులాడుకున్నారు. రకరకాల మనుషులుంటే జట్టుకు బలమంటారు కదా, మాకెందుకిలా జరిగింది?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ జట్టులో వైవిధ్యం ఉండడం సమస్య కాదు. వయసు, భాష, అనుభవం, చేసే పని, ఈ నాలుగు తేడాలూ ఒకే చోట కలిసిపోవడం వల్ల చిక్కు వచ్చింది. డోరా లావ్, కీత్ మర్నిగన్ అనే పరిశోధకులు 1998లో ప్రతిపాదించిన ‘ఫాల్ట్‌లైన్’ సిద్ధాంతం చెప్పేది ఇదే. భూమి పొరల్లోని పగులు పైకి కనబడకుండా ఏళ్ల తరబడి ఉండి, ఒత్తిడి పెరిగినప్పుడు కదిలినట్టే, జట్టులోని చీలిక కూడా మామూలు రోజుల్లో నిద్రాణంగా ఉండి, దాన్ని తట్టిలేపే సంఘటన జరిగినప్పుడు బయటపడుతుందని వారన్నారు. మీ దగ్గర ఆ పని రిలీజ్ ఆలస్యం చేసింది. అదే 8 మందిలో టెస్టింగ్ చేసే పాతికేళ్ల వారు ఇద్దరు, కోడ్ రాసే సీనియర్ తెలుగువారు ఇద్దరు ఉండి ఉంటే, ఒక తేడా విడదీసిన వారిని మరో తేడా కలిపేది, వాదన వచ్చినా రెండు శిబిరాలుగా చీలడం అంత తేలికయ్యేది కాదు.

ఇలాంటప్పుడు చాలామందికి ముందుగా తట్టేది శామీర్‌పేట వైపు ఏదో రిసార్టుకు టీమ్ ఔటింగ్. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని నా సలహా. సామాజిక మనస్తత్వవేత్త ముజఫర్ షెరీఫ్ బృందం 1954లో అమెరికా రాష్ట్రం ఓక్లహోమాలోని ఒక వేసవి శిబిరంలో బాలుర రెండు జట్ల మధ్య వైరం పెరిగాక వారిని ఒకే చోట భోజనానికి కూర్చోబెడితే, వారు తిండి పదార్థాలు ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. తాగునీటి సరఫరా ఆగిపోయి, కారణం వెతకడానికి రెండు జట్లూ కలవక తప్పని పరిస్థితి కల్పించడం, ఆ తరువాత అలాంటి పనులే మరికొన్ని అప్పగించడం వల్ల వైరం క్రమంగా తగ్గింది.

కాబట్టి మనసులు మార్చాలని చూడకుండా పని అమరిక మార్చండి. ప్రతి ఫీచర్‌కూ ఒక టెస్టర్‌నీ ఒక డెవలపర్‌నీ మొదటి రోజు నుంచే జంటగా పెట్టి, టెస్ట్ కేసులు, అంటే ఏమేం పరీక్షించాలో చెప్పే జాబితా, ఇద్దరూ కూర్చుని రాసేలా చూడండి. కోడ్ పూర్తయ్యాక బగ్‌ల (లోపాల) జాబితా టికెట్ల (ఆన్‌లైన్ ఫిర్యాదుల) రూపంలో అవతలి గుంపుకు విసిరే పద్ధతిలో తప్పు వెతకడమే ఒకరి పనిగా, దాన్ని కాదనడమే మరొకరి పనిగా మారుతుంది. సమావేశంలో చర్చ తెలుగులోకో హిందీలోకో జారినప్పుడు మెల్లగా అందరికీ తెలిసిన భాషలోకి తీసుకురండి, ఎందుకంటే అర్థంకాని నాలుగు మాటలు చాలు, తమ గురించే అనుకుంటున్నారనే అనుమానం పుట్టడానికి. భోజనాల విషయంలో మాత్రం ఎవరినీ బలవంతపెట్టకండి. చిన్న గుంపు ఇచ్చే ధైర్యంతోనే కొందరు జట్టు ముందు భిన్నాభిప్రాయం చెప్పగలుగుతారు, ఆ మేలును పోగొట్టుకోకూడదు.

అప్రైజల్ (పనితీరు సమీక్ష) కొలమానాలను కూడా ఒకసారి చూడండి. టెస్టర్లకు పట్టుకున్న బగ్‌ల సంఖ్యనుబట్టి, డెవలపర్లకు తక్కువ బగ్‌లు వచ్చినందుకు మార్కులు వేస్తుంటే ఆ తగాదాను సంస్థే పెంచుతున్నట్టు. రిలీజ్ తరువాత కస్టమర్ దగ్గర బయటపడిన లోపాలను జట్టు మొత్తానికి ఒకే లెక్కగా పెట్టమని, వచ్చే అప్రైజల్ మొదలయ్యేలోపే మీ మేనేజరుతో మాట్లాడండి.